గేమ్ డబ్బా కొనకండి, చేయనివ్వండి

సెలవులొచ్చాయంటే మన ఇళ్ళల్లో రోజూ ఒకటే తక్‌రార్. ఫోన్ కావాలని పిల్లలు, ఇవ్వనని అమ్మీ, "ఇచ్చి పడేయ్, గోల తగ్గుతుంది" అని అబ్బా. దీని మధ్యలో ఈమధ్య ఒక కొత్త మాట వినపడుతోంది. ఎనిమిదో తొమ్మిదో చదివే పిల్లాడో పిల్లో దగ్గరికొచ్చి, "అబ్బా, రాస్ప్‌బెర్రీ పై అని చిన్న బోర్డు ఉంటుందట, దాంతో వీడియో గేమ్ మెషీన్ మనమే చేసుకోవచ్చు, నా ఈదీ పైసలు ఉన్నాయి కదా, ఇజాజత్ ఇవ్వండి" అని అడుగుతారు. ఇంత పొడుగు మాటలో పెద్దవాళ్ళ చెవిన పడేది "గేమ్" అన్న ఒక్క ముక్కే. జవాబు తయారుగా ఉంటుంది: "ఫోన్లో ఆడింది చాలలేదా?"

నా రాయ్ సాఫ్‌గా చెప్తాను. అలా అడిగిన పిల్లలకి ఇజాజత్ ఇవ్వండి. తయారుగా దొరికే గేమ్ డబ్బా మాత్రం కొనివ్వకండి. ఈ రెండింటి మధ్య ఉన్న ఫరక్ గురించే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ బోర్డు సంగతి. రాస్ప్‌బెర్రీ పై అంటే అరచేతిలో పట్టే పూర్తి కంప్యూటర్. ఏటీఎం కార్డంత పలక మీద ప్రాసెసర్, మెమొరీ, టీవీకి కలిపే హెచ్‌డీఎంఐ, కీబోర్డు గుచ్చే యూఎస్‌బీ, ఒక అంచున రెండు వరసల్లో 40 పిన్నులు. హార్డ్ డిస్కు బదులు ఫోన్లో వేసే మెమొరీ కార్డే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన సాథీలు కలిసి దీన్ని తెచ్చారు. 2012 ఫిబ్రవరి 29న మొదటిసారి అమ్మకానికి పెట్టినప్పుడు ధర 35 డాలర్లు. ఎందుకు చేశారన్నది మనకు ముఖ్యం. అక్కడి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ కోసం వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారు, వచ్చినవాళ్ళకి కూడా మునుపటివాళ్ళంత చేతి అనుభవం ఉండటం లేదు. 1980లలో బీబీసీ మైక్రో లాంటి మెషీన్‌ని ఆన్ చేస్తే ప్రోగ్రామ్ రాయమని ఎదురుచూస్తూ కూర్చునేది. తర్వాతి జమానాలో వచ్చిన గేమ్ కన్సోళ్ళూ ఇంటి కంప్యూటర్లూ వాడుకోవడానికే తప్ప విప్పి చూడటానికి కాదు. అందుకని, పాడైనా ఇల్లు మునగనంత చవకలో, పిల్లలు ధైర్యంగా చెయ్యి పెట్టగల కంప్యూటర్ ఒకటి ఉండాలనుకున్నారు. మన ఇంటి తక్‌రార్ కేంబ్రిడ్జిలో కూడా నడిచిందన్నమాట!

ఇప్పుడు దీంతో ఆర్కేడ్ డబ్బా ఎలా అవుతుందో చూద్దాం. కొంచెం ఓపిగ్గా చదవండి, నా వాదనంతా ఈ పనిలోనే ఉంది.

ప్లైవుడ్‌తో ఒక పెట్టె. పైపలకకి గుండ్రటి కంతలు. మామూలు బటన్‌కి 30 మిల్లీమీటర్ల కంత, స్టార్ట్, కాయిన్ బటన్లకి 24. పలక మరీ మందమైతే జాయ్‌స్టిక్ కాడ పైకి తగినంత రాదు. మరీ పల్చనైతే పిల్లల గుద్దులకి ఊగిపోతుంది. ఈ అందాజా వీడియోలు చూసే పిల్లాడి కన్నా మీ మొహల్లాలో తలుపులు చేసే కార్పెంటర్ చిచ్చాకి బాగా తెలుసు. ఆయన దగ్గరికి పంపండి. కొలతలు పిల్లాడు గీసివ్వాలి, కంతలు చిచ్చా కొట్టాలి. గీత తప్పితే చిచ్చా ఊరుకోడు, అది కూడా మంచిదే.

బటన్‌ని తిరగేస్తే అడుగున చిన్న మైక్రోస్విచ్ కనిపిస్తుంది. దానికి మూడు కాళ్ళు. ఒకటి ఎప్పుడూ ఉండే కామన్, రెండోది నొక్కినప్పుడు దాంతో కలిసేది, మూడోది నొక్కినప్పుడు విడిపోయేది. తీగని రెండోదానికి బదులు మూడోదానికి వేశారనుకోండి, ఎవరూ ముట్టుకోకపోయినా తెర మీద బొమ్మ గుద్దుతూనే ఉంటుంది, బటన్ నొక్కితే ఆగుతుంది. జాయ్‌స్టిక్ ఇంకా తమాషా. దాని అడుగున నాలుగు వైపులా నాలుగు స్విచ్చులు. కాడని ముందుకి నెడితే లోపలి కొస వెనక్కి పోయి వెనక స్విచ్చుని నొక్కుతుంది. అంటే "పైకి" అన్న తీగ కింది స్విచ్చుకి వేయాలి. ఇది పుస్తకంలో చదివితే తలకెక్కదు. పైకి నెట్టిన బొమ్మ కిందికి పరిగెత్తినప్పుడు, డబ్బా మూత విప్పి చూసుకున్నప్పుడు ఎక్కుతుంది.

ఇద్దరు ఆడే డబ్బాకి హిసాబ్ వేయండి. ఒక్కొక్కరికి జాయ్‌స్టిక్ తీగలు 4, బటన్లు 6, స్టార్ట్ ఒకటి, కాయిన్ ఒకటి, మొత్తం 12. ఇద్దరికి 24. బోర్డు మీది 40 పిన్నుల్లో కరెంటువి, గ్రౌండువి, వేరే పనికి పెట్టిన రెండూ తీసేస్తే మనకి మిగిలేవి 26. సరిపోతాయి. అన్ని స్విచ్చుల కామన్ కాళ్ళనీ ఒకే తీగతో దండలా గుచ్చి గ్రౌండ్ పిన్నుకి కలపాలి. బటన్ నొక్కనప్పుడు దాని పిన్ను మీద 3.3 వోల్టులు ఉంటాయి, నొక్కితే సున్నా అవుతుంది. ఆ సున్నాని చూసి బోర్డు "గుద్దమన్నారు" అనుకుంటుంది, అంతే. జాగ్రత్త పడాల్సింది కూడా ఇక్కడే. అదే అంచున ఉన్న 5 వోల్టుల పిన్నుని వీటిలో దేనికైనా కలిపితే బోర్డు ఖతం అయ్యే ప్రమాదం ఉంది. మొదటిసారి చేసే పిల్లలైతే ఎన్‌కోడర్ అనే చిన్న యూఎస్‌బీ పలక తీసుకోవడం మేలు. బటన్ల తీగలన్నీ దానికి గుచ్చి, దాన్ని బోర్డుకి కీబోర్డులా కలిపితే పని అయిపోతుంది.

లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ముఫ్త్. రెట్రోపై, రీకాల్‌బాక్స్, బటోసెరా, లక్కా, ఏదైనా ఒకటి కార్డు మీద ఎక్కించాలి. వీటిలో ఉండేవి ఎమ్యులేటర్లు. పగటివేషగాడు పొద్దున ఫకీరు, మధ్యాహ్నం పటేలు, సాయంత్రం పోలీసు అయినట్టు ఈ ప్రోగ్రామ్ ఒకసారి 1980ల నాటి ఇంటి గేమ్ డబ్బా వేషం కడుతుంది, ఒకసారి 1990ల నాటి బజారు మెషీన్ వేషం కడుతుంది. ఆర్కేడ్ మెషీన్ల వేషం కట్టే మేమ్ అనే ప్రోగ్రామ్‌ని ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టాడు. తర్వాత ఎంతమందో చేతులు కలిపారు. పాత మెషీన్లు తుప్పు పట్టిపోయినా వాటి లోపలి పనితీరు దునియాలో మిగిలి ఉండాలన్నది వాళ్ళ పట్టుదల.

ఇంతవరకూ చదివాక, ఇది మన ఖాన్‌దాన్లకి కొత్త పనేమీ కాదే అని మీకు అనిపించి ఉండాలి. మన ఊళ్ళల్లో వెల్డింగ్ షాపులు, వాచీ రిపేర్లు, మోటారు వైండింగు, బైక్ మెకానిక్ షెడ్లు, ఫ్రిజ్జులు ఏసీల పని మన వాళ్ళ చేతుల్లో ఎంత ఉందో నేను చెప్పక్కర్లేదు. తీగ ఎక్కడ తెగిందో టెస్టర్ పెట్టి ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోయే ఆ సబర్, చప్పుడు విని బేరింగ్ పోయిందని చెప్పే ఆ నజర్, ఈ డబ్బాకి కావలసింది అవే. కానీ ఆ హునర్‌ని పిల్లల ముందు తక్కువ చేసేది మనమే. "చదవకపోతే మెకానిక్ షెడ్డులో పడేస్తా" అని భయపెడతాం. మామూ ఆ షెడ్డులోనే పనిచేసి ఇల్లు నడుపుతున్న సంగతి ఆ పిల్లాడికి తెలుసు. ఆ మాట మామూ చెవిన పడితే ఎలా ఉంటుందో మనకి తోచదు.

జల్సాల్లో అయితే మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ అల్-జజరీ పేరు తీసుకుంటారు. యంత్రాల మీద ఆయన పుస్తకం 1206లో పూర్తయింది. నీళ్ళతో నడిచే గడియారాలు, వజూకి నీళ్ళు పోసే బొమ్మ, కొలనులో పడవ మీద కూర్చుని వాయిద్యాలు వాయించే నాలుగు బొమ్మలు. ఆ పడవ ఎందుకు చేశాడు? మెహమాన్ల కాలక్షేపానికి. ఆట వస్తువు! ఆయన పేరు విని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చి, టార్చిలైటు విప్పిన పిల్లాడి వీపు మీద ఒకటి వేస్తాం.

"ఎన్ని చెప్పినా గేమ్ గేమే కదా, టైము నాశనమే కదా" అనేవాళ్ళు ఉంటారు. ఈ మాటలో నిజం ఉంది. పాత ఆర్కేడ్ ఆటలేమీ మాసూమ్ కావు. రెండు మూడు నిమిషాల్లో ఆడేవాణ్ణి ఓడించి ఇంకో బిళ్ళ వేయించేలాగే వాటిని తయారు చేశారు. షాపు మాలిక్‌కి లాభం అందులోనే ఉంది. బిళ్ళ లోపల పడేటప్పుడు ఒక స్విచ్చుని నొక్కుతుంది, మెషీన్‌కి అది కూడా ఇంకో బటనే. ఇంట్లో చేసిన డబ్బాలో ఆ స్విచ్చు మీ చేతికి వస్తుంది. మీరు కాయిన్ బటన్‌ని పైపలక మీద పెట్టకుండా పెట్టె వెనక పెట్టించి, రోజుకి మనిషికి మూడు కాయిన్లు అని లెక్క పెట్టొచ్చు. మూడు అయ్యాక గేమ్ ఓవర్ అంటే గేమ్ ఓవరే.

ఫోన్లో ఆ స్విచ్చు మన చేతిలో లేదు. ఎక్కడో కూర్చున్న కంపెనీ చేతిలో ఉంది. ఆట ముఫ్త్ అంటారు, ఐదు నిమిషాలకి ఒక యాడ్, పది నిమిషాలకి ఒక చక్రం తిప్పి అదృష్టం చూసుకోమనడం, తర్వాత కాయిన్లు కొనుక్కోమనడం. ఆ చక్రం తిప్పే ఆదత్ ఎక్కడికి దారి తీస్తుందో మన రాష్ట్రాలు చూశాయి. పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ నిషేధించాయి, 2025లో కేంద్రం దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది. అలాంటి చట్టాలు అవసరమయ్యేదాకా వచ్చిందంటే ఎన్ని ఇళ్ళు ఏడ్చి ఉంటాయో అందాజా వేసుకోండి. జువాకి పెద్దగా దూరం లేని ఆ చక్రాన్ని పిల్లాడి గుప్పిట్లో పెట్టి, చెక్కపెట్టె దగ్గరికొచ్చేసరికి "ఆటలా?" అని కళ్ళెర్రజేయడంలో నాకు ఇన్సాఫ్ కనపడదు.

ఈ డబ్బాకి ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది. అందులో మన బ్యాంకు నంబరు ఉండదు. దాన్ని దుప్పటి కింద పెట్టుకుని అర్ధరాత్రి ఆడలేరు, హాల్లో టీవీకి కట్టేసి ఉంటుంది, దాదీ మంచం మీద నుంచి చూస్తూనే ఉంటుంది. రెండో జాయ్‌స్టిక్ పట్టుకోవడానికి ఇంకో మనిషి పక్కన కూర్చోవాలి. అన్నాదమ్ముడు భుజం భుజం రాసుకుంటూ తిట్టుకుంటూ ఆడతారు. ఆ తిట్టుకోవడం నాకు ఇష్టం. ఒకే ఇంట్లో నాలుగు గోడలకి ఆనుకుని నాలుగు ఫోన్లతో ఉండే ఆ నిశ్శబ్దం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

దీనివల్ల ఇంజనీరింగ్ సీటు వస్తుందని, పిల్లాడు పెద్ద కంపెనీలో చేరిపోతాడని ఎవరన్నా చెప్తే నమ్మకండి, నేను కూడా చెప్పను. వాడికి వచ్చేది ఇంకొకటి. ఏదన్నా వస్తువు పనిచేయకపోతే దాని నసీబు అనుకోకుండా, ఎక్కడ ఆగిందో ఒక్కో అడుగూ వెతకడం.

ఇక అబ్బాల సంగతి. ఈ పనిలో తర్బియత్ పిల్లల కన్నా మనకే ఎక్కువ అవసరం అని నాకు అనిపించే చోటు ఇదే.

1990లలో సినిమా హాలు పక్కనో బస్టాండు దగ్గరో వీడియో గేమ్ షాపుల్లో రూపాయి బిళ్ళ వేసి ఆడినవాళ్ళకి "ముస్తఫా" ఆట గుర్తుండి తీరాలి. దాని అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. మార్క్ షుల్ట్స్ అనే అమెరికన్ గీసిన కామిక్ కథల ఆధారంగా జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. అందులో నలుగురు హీరోలు, వాళ్ళల్లో టోపీ పెట్టుకుని పరిగెత్తే ముస్తఫా కైరో ఒకడు. అసలు పేరు మన దగ్గర ఎవరికి కావాలి? అందరికీ అది ముస్తఫా ఆటే. మన పిల్లలూ, పక్క వీధి హిందూ పిల్లలూ "నేను ముస్తఫా, నువ్వు జాక్" అని ముందే కొట్లాడుకునేవాళ్ళు. ఆ రోజులు ఎలాంటివో మీకు తెలుసు. సినిమాల్లో మన పేర్లు ఎలాంటి పాత్రలకి పెట్టేవాళ్ళో కూడా తెలుసు. అలాంటి కాలంలో తెర మీద మన పేరున్న మనిషి హీరో, అందరూ వాడే కావాలని ఎగబడే హీరో. ఆ ఖుషీ చిన్నదేం కాదు. ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. కథ ప్రకారం ముస్తఫా ఇంజనీరు. మనకు మాత్రం వాడి తన్నులే గుర్తుండిపోయాయి.

అందుకే డబ్బా తయారవగానే పిల్లాడి కన్నా ముందు అబ్బా అడుగుతాడు: "అందులో ముస్తఫా వస్తుందా?"

వస్తుంది. ఇబ్బందంతా ఆ వచ్చే దారిలోనే. పాత మెషీన్ చిప్పుల్లో ఉన్న ఆటని ఫైలుగా కాపీ చేస్తే దాన్ని రామ్ అంటారు. ఎమ్యులేటర్లు ముఫ్త్, కానీ ఆటలు వాటితో రావు. నేను చెప్పిన రెట్రోపై వాళ్ళు ఆటల ఫైళ్ళు ఇవ్వరు. జనం ఏం చేస్తారు? ఎక్కడి నుంచో దించుకుంటారు, లేదా "పదివేల ఆటలు" అని నింపి అమ్మే కార్డు కొంటారు. ఆ పదివేలలో దాదాపు అన్నిటికీ మాలికులు ఉన్నారు, అమ్మేవాడు వాళ్ళని అడగలేదు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామ్‌ని పుస్తకంతో సమానంగానే చూస్తుంది. అమెరికాలో అలా రామ్ ఫైళ్ళు పంచిపెట్టిన సైట్ల మీద నింటెండో కేసు వేస్తే 2018లో 1.22 కోట్ల డాలర్లు కట్టాలని తీర్పొచ్చింది.

దీనికి ఎదురు దలీల్ కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. ముస్తఫా ఆట ఆర్కేడ్ రూపంలో ఇళ్ళకి అధికారికంగా ఎప్పుడూ రాలేదు. పైసలు పట్టుకుని నిలబడినా అమ్మే దుకాణం లేదు. "అమ్మనప్పుడు తీసుకుంటే ఎవరికి నుక్సాన్?" అని అడుగుతారు. పాత ఆటలని కాపాడాలనే వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఎవరూ కాపీ చేసి పెట్టకపోతే ఎన్నో ఆటలు ఆ చిప్పులతోనే చచ్చిపోయేవి. లైబ్రరీలకీ మ్యూజియంలకీ దీనికి దారి చూపే చట్టం రావాలని నేనూ కోరుకుంటాను. కానీ మన హాల్లో ఉన్న డబ్బా మ్యూజియం కాదు. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వను. అబ్బాగా నా హిసాబ్ ఇది: చెక్క నుంచి తీగ దాకా ప్రతిదీ మెహనత్‌తో, సొంత ఈదీ పైసలతో చేసిన బిడ్డకి, చివరి మెట్టు దగ్గర "ఇది మాత్రం ఎవరినీ అడక్కుండా తీసుకుందాం" అని నేర్పేది మనమే అవుతాం. మాలిక్ కనపడకపోతే వస్తువు మనదైపోదని రోడ్డు మీద దొరికిన పర్సు గురించి చెప్తాం కదా, అదే బిడ్డకి.

ఇంకో మామూలు కారణం కూడా ఉంది. పదివేల ఆటలున్న డబ్బాలో ఎవరూ ఏ ఆటా ఆడరు. లిస్టు కిందికి జరుపుతూ కూర్చుంటారు. ఐదు ఆటలుంటే ఐదూ అరిగిపోయేదాకా ఆడతారు.

హక్‌తో దొరికేవి లేవా అంటే ఉన్నాయి. గ్రిడ్‌లీ, రాబీ రోటో లాంటి కొన్ని పాత ఆర్కేడ్ ఆటలని మాలికులే, వ్యాపారానికి వాడనంత వరకూ, ఆడుకోమని వదిలేశారు. పాత మెషీన్ల కోసం ఇవాళ కొత్తగా ఆటలు రాసేవాళ్ళు ఉన్నారు. కొందరు ముఫ్త్‌గా ఇస్తారు, కొందరు కొద్ది పైసలకి అమ్ముతారు. 2019లో మోర్ఫ్‌క్యాట్ అనే చిన్న బృందం మైక్రో మేజెస్ అని పాత నింటెండో డబ్బా కోసమే కొత్త ఆట రాసింది, నలుగురు కలిసి ఆడొచ్చు. రాస్ప్‌బెర్రీ పై వాళ్ళే అదే ఏడాది కోడ్ ద క్లాసిక్స్ అని ఒక పుస్తకం తెచ్చారు. పాత ఆటల పోకడలో ఐదు ఆటలు పైథాన్‌లో ఎలా రాయాలో అందులో ఉంది.

నా అసలు ఆశ ఆ పుస్తకం మీదే. క్యాప్‌కామ్ వాళ్ళ ముస్తఫా వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. ముస్తఫా అనే పేరు మీద ఎవరికీ పట్టా లేదు. మీ పిల్లలు సొంత ముస్తఫాని రాయనివ్వండి. డైనోసార్ల బదులు ఈదురుగాలికి పోయిన కరెంటుని మొహల్లాకి తిరిగి తెచ్చే లైన్‌మన్ ముస్తఫా, నిచ్చెన పట్టుకుని స్తంభం నుంచి స్తంభానికి పరిగెత్తే ముస్తఫా. బొమ్మ వంకరగా ఉంటుంది, రెండు లెవెళ్ళ తర్వాత ఆట ఆగిపోతుంది. అయినా ఆ ఇంటికొచ్చిన ప్రతి మెహమాన్ చేతా ఆడిస్తారు, చూడండి.

ఆడపిల్లల గురించి వేరే చెప్పాల్సి రావడం నాకు చిరాకే, కానీ చెప్పకపోతే జరిగేది తెలుసు. తమ్ముడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటాడు, ఆపా చాయ్ తెచ్చిస్తుంది. అలా కానివ్వకండి. పాత అటారీ డబ్బాల్లో విమానంతో నది మీద ఎగురుతూ వంతెనలు కూల్చే రివర్ రెయిడ్ ఆట ఎంతమంది ఆడారో. దాన్ని 1982లో యాక్టివిజన్ కోసం రాసింది కరోల్ షా అనే ఆవిడ. వేళ్ళతో పనిచేసే ఓర్పు మన ఇళ్ళల్లో ఎవరికి ఎక్కువ? జర్దోసీ, కుట్టుపని, మగ్గం వర్క్ చేసే చేతులు ఎవరివి? సన్న తీగకి టంకం పెట్టడం సూదిలో దారం ఎక్కించడం కన్నా కష్టమేమీ కాదు. ఈదీ అక్కకీ వచ్చింది కదా, డబ్బాలో ఆమెకీ హక్ ఉంది. ఒక జాయ్‌స్టిక్ వైరింగ్ పూర్తిగా ఆమెదే అని ముందే తేల్చేయండి.

ఖర్చు సంగతి టూకీగా. బోర్డు ధర పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, నాలుగు చోట్ల అడిగి కొనండి. పాత ఆటలకి కొత్త మోడల్ అక్కర్లేదు, పై 3 గానీ, జీరో 2 డబ్ల్యూ గానీ సరిపోతాయి. హైదరాబాద్ వైపు ఉన్నవాళ్ళు కోఠీలో గుజరాతీ గల్లీకి పిల్లల్ని తీసుకెళ్ళండి. బటన్ దగ్గర్నుంచి రెసిస్టర్ దాకా అక్కడ కౌంటర్ మీద పోసి చూపిస్తారు, ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొనడంలో ఆ మజా లేదు. టీవీ కొత్తగా కొనకండి, ఇంట్లో ఉన్నదే వాడండి. పెట్టెకి పాత మంచం పలకైనా పర్లేదు. మీ పిల్లల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే, దాని తాళం ఎవరి దగ్గరుందో హెడ్‌మాస్టర్‌ని అడగండి. చాలా పనిముట్లు అందులోనే ఉంటాయి.

రెండు జాగ్రత్తలు. 230 వోల్టుల తీగ ఏదీ పెట్టె లోపలికి పోకూడదు, అడాప్టర్ బయటే ఉండాలి. వెనక డొప్ప ఉన్న పాత టీవీని పిల్లలు విప్పకూడదు, స్విచ్ ఆపేసినా దాని పిక్చర్ ట్యూబ్ షాక్ కొట్టొచ్చు. ఇక కరెంటు. పాత ఫోన్ చార్జర్ పెడితే తెర మూలలో మెరుపు గుర్తు వస్తుంది, కరెంటు చాలడం లేదని అర్థం. బోర్డుకి చెప్పిన అడాప్టరే కొనండి. ఆడుతుండగా కరెంటు పోతే కార్డు మీద రాస్తున్నది సగంలో ఆగి కార్డు పాడవ్వొచ్చు. మన ఊళ్ళల్లో ఇది రోజూ ఉండే బాధే. ఇన్వర్టర్ ఉన్న ప్లగ్గుకి పెట్టండి, మెనూలోంచి షట్‌డౌన్ చేశాకే స్విచ్ ఆపే ఆదత్ చేయించండి, అంతా కుదిరాక కార్డుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి.

కాపీ అన్నాను కాబట్టి చివరగా ఇంకో కార్డు కూడా కొనండి. దాని మీద మామూలు రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ ఎక్కించండి, అదీ ముఫ్తే. గేమ్ కార్డు తీసి ఇది పెడితే అదే బోర్డు చదువుకునే కంప్యూటర్ అవుతుంది, టైపింగు, స్క్రాచ్, పైథాన్ అన్నీ అందులో నడుస్తాయి. లైన్‌మన్ ముస్తఫాని రాసేది కూడా దీని మీదే. ఇమ్తెహాన్ల నెలలో గేమ్ కార్డు అమ్మీ బీరువాలోకి పోతుంది, అది లేకపోతే డబ్బా వట్టి చెక్కపెట్టె, దాని గురించి పిల్లలతో గొడవ పడే పనే ఉండదు. కార్డులు గోరంత ఉంటాయి, పేరు రాయడానికి చోటుండదు. వేరే వేరే డబ్బీల్లో వేసి, ఏది ఏదో డబ్బీల మీద రాసి పెట్టండి.